గాలి గొట్టం

తన పాత మిలిటరీ లారీకి మామిడితోట ఆసామి శోభనాద్రి రేకు గొట్టం బిగించాడు. ఇంజను ఇక పైనుంచి గాలి పీలుస్తుంది, పొంగిన వాగులోకి దిగినా నీళ్లు తాగదు. కోసిన మామిడికాయలు కుళ్ళకముందే నూజివీడు చేరాలి.

కాయలెత్తిన కూలీ పోతురాజును పక్కన కూర్చోబెట్టుకుని వాగులోకి దిగాడు. లారీ ఎక్కడా ఆగకుండా అవతలి ఒడ్డెక్కింది.

"ఇది చెయ్యడానికి ఎన్నాళ్లు పట్టిందండీ?" అడిగాడు పోతురాజు.

"ఎన్నాళ్లేంటి, ఒక్క పూట," గర్వంగా అన్నాడు శోభనాద్రి.

పోతురాజు వెనక్కి తిరిగి వాగు వైపు చూశాడు.

"పోయినవారం మా ఇంటిది లక్ష్మికి నొప్పులొచ్చినప్పుడు, లారీ వాగు దాటదన్నారు గదండీ."

శోభనాద్రి చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. ఆ రోజు లక్ష్మిని మంచం మీద మోసుకుంటూ వాగు దాటించేలోగా బిడ్డ పోయింది. ఆడపిల్లో, మగపిల్లాడో కూడా తను అడగలేదు.

ఇప్పుడు అడగడానికి మొహం చెల్లలేదు.