వంటింటి లైను

“అదిగో, మళ్ళీ!”

బావ కుర్చీలోంచి విసురుగా లేచాడు. హాల్లో ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని, మసకబారి, మళ్ళీ తేరుకుంది. వంటింట్లో మిక్సీ గుయ్యిమంటోంది.

“వస్తూనే చూశావుగా? ఎన్నాళ్ళనుంచో ఇదే గోల. బావమరిది ఎలక్ట్రీషియన్ అయ్యుండి ఈ అవస్థేమిటని అందరూ నవ్వుతున్నారు.”

తమ్ముడు కూడా నవ్వి, పనిముట్ల సంచి కింద పెట్టాడు.

బావ పిలిచింది లైట్ల కోసం. తను వచ్చింది అక్క కోసం. వాళ్ళ పాప పోయి ఇంకా ఏడాది కాలేదు. అక్క కోలుకోకపోతే, బావ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఈ రాత్రి బస్సుకే అమ్మ దగ్గరికి తీసుకుపోవాలని గట్టిగా అనుకున్నాడు. తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు కొనుక్కునే వచ్చాడు.

“అక్క ఎలా ఉంది బావా?” గొంతు తగ్గించి అడిగాడు.

“మీ అక్కకేం, దివ్యంగా ఉంది. మొదట్లో పొద్దస్తమానం ఏడుపే. చూశాను, చూశాను, ఒకరోజు చెప్పేశాను. ఏడిస్తే పోయిన పిల్ల తిరిగొస్తుందా? ఇంకోసారి నా చెవిన ఏడుపు పడిందా, ఇంట్లోంచి వెళ్ళిపోతానన్నాను. అంతే! మళ్ళీ కిక్కురుమంటే ఒట్టు. ఇప్పుడు నేను గుమ్మంలో అడుగు పెడితే చాలు, వంటింట్లో ఒకటే రుబ్బుడు.”

“ఇద్దరికి అంత రుబ్బుడేమిటి?”

“పనిలో పడింది. పడనీ.”

మిక్సీ ఆగింది. కాసేపటికి అక్క మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది. అప్పుడే కడుక్కున్న మొహం. కాస్త చిక్కింది గానీ, జుట్టు నున్నగా దువ్వుకుంది.

“ఎప్పుడొచ్చావురా? అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?”

“అమ్మకంటే మోకాళ్ళే ఎక్కువ మాట్లాడుతున్నాయి. సరే గానీ, ఈ లైట్లు ఎప్పుడెప్పుడు కొట్టుకుంటాయక్కా?”

“సాయంత్రాలు.”

“పగలు?”

“పగలుండదురా. మీ బావ ఇంట్లో ఉన్నప్పుడే.”

“అయితే బావంటే లైట్లక్కూడా హడలే!”

ముగ్గురూ నవ్వారు. అక్క నవ్వు చూశాక తమ్ముడి మనసు కొంచెం కుదుటపడింది.

గది గదికీ తిరిగి బల్బులు కదిపి చూశాడు. స్విచ్చులు నొక్కి చూశాడు. చిన్న గదిలో హోల్డరు ఖాళీగా ఉంది.

“అది వాడటం లేదులే,” అంటూ బావ ఆ తలుపు దగ్గరగా వేసేశాడు.

తమ్ముడు హాల్లోకి వచ్చి కేకేశాడు.

“అక్కా, ఒకసారి మిక్సీ వెయ్యి!”

గుయ్యిమంది. లైటు కొట్టుకుంది.

“ఆపు! దొంగ దొరికాడు బావా. మోటారు తిరగడం మొదలెట్టగానే ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది. జాయింటు గట్టిగా ఉంటే మనకు తెలియదు. వదులైతే ఆ లైను మీదున్న లైట్లన్నీ గిలగిల్లాడతాయి.”

మెయిన్ ఆపి, టార్చి పళ్ళతో పట్టుకుని, వంటింటి గుమ్మం పైనున్న వైర్ల పెట్టె మూత విప్పాడు. అనుకున్నట్టే న్యూట్రల్ వైరు వదులుగా వేలాడుతోంది. చుట్టిన టేపు మాడి బొగ్గయింది.

“ఇంకొన్నాళ్ళు వదిలేస్తే ఇల్లంటుకునేది బావా!”

మాడిన ముక్క కత్తిరించి, కొత్త జాయింటు వేసి, బిగించాడు. కరెంటు ఇచ్చి మళ్ళీ మిక్సీ వేయించాడు. ఈసారి ట్యూబులైటు కన్నార్పలేదు.

“శభాష్! పీడ విరగడైంది,” బావ పొంగిపోయి టీవీ ముందు కూలబడ్డాడు. “ఇక నిశ్చింతగా వార్తలు చూసుకోవచ్చు.”

తమ్ముడు వరండాలోకి వెళ్ళి అమ్మకు ఫోన్ చేశాడు.

“అక్క బాగానే ఉందమ్మా. నవ్వుతోంది. పనిలో పడింది. ఇప్పుడు కదిలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఇక్కడే ఉండనీ.”

రెండో టికెట్టు రద్దు చేసేశాడు. సంచి భుజానికి తగిలించుకున్నాడు.

లోపల మిక్సీ మళ్ళీ మొదలైంది. లైటు నిబ్బరంగా వెలుగుతోంది. బావ తలైనా తిప్పలేదు.

“వెళ్ళొస్తానక్కా!”

ఆ రొదలో వినపడలేదేమో, అక్క పలకలేదు. తమ్ముడు ఓరగా వేసున్న వంటింటి తలుపు తోశాడు.

మిక్సీ గిర్రున తిరుగుతోంది, జార్‌లో ఏమీ లేదు, దాని పక్కనే నిలబడి అక్క నోరారా ఏడుస్తోంది.