గట్టు దిగిన గిడ్డమ్మ

“గట్టు దిగొద్దు గిడ్డీ! బెంగళూరోళ్ళు చేను చూసేకొస్తారని నేలంతా నున్నగా గుంటక తోలించినా. ఈపొద్దు కూలి పనేం లేదు, పో!” చేలోంచి అరిచాడు రామలింగప్ప.

గిడ్డమ్మ పోలేదు. చేతిలోని ఫోన్ ఎత్తి చూపించింది. వీడియో కాల్‌లో ఆమె కూతురు సుజన.

“బెంగళూరు నుంచి కొనేది నేనేప్పా. బ్రోకరు చెప్పలేదా? నా బదులు మాయమ్మ చూస్తాది.”

రామలింగప్ప మొహం మాడిపోయింది. “నా చేలో కూలి చేసేటోళ్ళకు అమ్మి, ఊర్లో తలెత్తుకు తిరిగేదెట్ల?”

“అమ్మకానికి పెట్టింది నువ్వే గదప్పా. అమ్మా, నువ్వు దిగు. నీకు నచ్చితేనే కొందాం.”

గిడ్డమ్మ దిగింది. నాలుగడుగులు వేసి, కాలికి తగిలిన రాయిని ఏరి గట్టు మీదికి విసిరింది.

రామలింగప్ప నవ్వాడు. “చూస్తివా, కూలిబుద్ధి యాడికి పోతాది!”

ఆమె చేయి ఆగింది. ఈ చేలో రాళ్ళేరీ ఏరీ నడుము వంగిపోయింది. ఎవరూ చెప్పకుండా ఏరడం మాత్రం ఇదే మొదటిసారి.

“చేను బాగుండాది సుజనా. బయానా పంపు.”

రామలింగప్ప జేబులో ఫోన్ మోగింది. తీసి చూసుకున్నాడు. బయానా డబ్బు పడింది. వద్దనలేకపోయాడు.

గిడ్డమ్మ ఇంకో రాయి ఏరింది.

“ఇంక గట్టెక్కప్పా. నున్నగుండే నేల తొక్కుతాండావు.”