రబ్బానీ కాపాడిన పిల్ల

ఆ పిల్లను రబ్బానీ ఆటో అద్దంలోనే పోల్చుకున్నాడు.

డోన్ బస్టాండు దగ్గర ఇద్దరు ఎక్కారు. నలభై ఏళ్ల ఆడమనిషి, పక్కన పదహారేళ్ల పిల్ల. పిల్ల కళ్లు తప్ప ఏమీ కనపడకుండా చున్నీ చుట్టుకుంది గానీ, స్పీడు బ్రేకరు మీద ఆటో ఎగిరినప్పుడు అది కాస్తా జారిపోయింది. పొద్దున ఆటో యూనియన్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన మొహమే. ఫోటోలో మాత్రం పెళ్లివాళ్లకు చూపించడానికి తీసినట్టు పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని స్టూడియోలో నిలబడి ఉంది.

పేరు సాహితి. నిన్నటి నుంచి కనపడటం లేదు. ఎవరో ఆడమనిషి మాయమాటలు చెప్పి తీసుకుపోయిందని, ఎవరికైనా కనపడితే ఫోన్ చేసి పుణ్యం కట్టుకోమని తండ్రి వీరభద్ర తన నంబరు పెట్టాడు.

రబ్బానీ అద్దాన్ని కొంచెం పిల్ల వైపు తిప్పాడు.

పోయిన నెలే లేవి సారు స్టాండుకు వచ్చి ఆటోవాళ్లందరినీ కూర్చోబెట్టి గంటసేపు చెప్పాడు. పని ఇప్పిస్తామని ఆడపిల్లల్ని తీసుకుపోయి అమ్ముకునేవాళ్ల ఆట కట్టించాలని, చిన్నపిల్లలకు బలవంతపు పెళ్లిళ్లు జరగనివ్వకూడదని ఆయనా, పల్లెపల్లెకూ తిరిగే కొందరు ఆడవాళ్లూ కలిసి సంఘం పెట్టుకున్నారు. అట్లాంటివాళ్లను ఎట్లా పసిగట్టాలో ఒక్కొక్కటే వివరించాడు. పిల్లను అడిగితే పక్కన ఉన్నవాళ్లు జవాబు చెప్తారు. పిల్ల మొహం నలుగురికీ కనపడనివ్వరు. కన్నవాళ్లకంటే తామే ఎక్కువని నమ్మిస్తారు.

మిగతావాళ్లు ఎప్పుడు ముగిస్తాడా అని చూశారు. రబ్బానీ ఒక్క ముక్క వదల్లేదు. అతని అక్క కూతురు సాజియా నాలుగేళ్ల కిందట పూనాలో బట్టల కొట్టు పనికని ఈ స్టేషన్లోనే రైలెక్కింది. తీసుకుపోయి దింపింది రబ్బానీ ఆటోనే. ఆ తర్వాత ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు. అక్క ఇప్పటికీ తమ్ముడితో మాట్లాడదు.

"యాడికి పోతాండారు పాపా?" పిల్లనే అడిగాడు.

"గుంటూరుకు నాయనా. మా చెల్లెలి కూతురు. ఒంట్లో బాలేదు, ఆస్పత్రికి తీస్కపోతాండా." ఆడమనిషే ఠక్కున అందుకుంది.

పిల్ల తల వంచుకుంది. ఇంకేం కావాలి? లేవి సారు దగ్గరుండి చూసి చెప్పినట్టే ఉంది.

రోడ్డు తవ్వేశారని అబద్ధమాడి రబ్బానీ ఆటోను సందుల్లోకి తిప్పాడు. ఐదు నిమిషాల దారి పావుగంట చేశాడు. ఆమె కుదురుగా కూర్చోవడం లేదు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది. ఏ మోటారు సైకిలు దాటిపోయినా పిల్లను తనవైపు లాక్కుంటోంది. ఇట్లా తిప్పుతున్నావేమని ఒకసారి కసిరింది కూడా. చేసిన పనికి భయం లేకుండా ఎట్లా ఉంటుందిలే అనుకున్నాడు రబ్బానీ, పళ్లు కొరుక్కుంటూ.

స్టేషన్ రాగానే ఆమె ముందు గేటు వైపు, తర్వాత టీ అంగడి వైపు పరకాయించి చూసింది. ఆటో పక్క పరదా కిందికి దించింది. సంచి పిల్ల పక్కన పెట్టి, బయటికి రావద్దని చెవిలో చెప్పింది. పిల్లకు జ్వరమని, లైనులో నిలబడలేదని, టికెట్లు తెచ్చేదాకా ఆటోలోనే కూర్చోనిమ్మని రబ్బానీని బతిమాలింది. కౌంటరు ముందు కొండవీటి చాంతాడంత లైను ఉంది.

ఆమె వీపు కనపడకుండా పోగానే రబ్బానీ ఫోన్ చేశాడు.

"యాడ ఉండాది నా బిడ్డ?" వీరభద్ర ఆత్రంగా అడిగాడు. వాళ్లు బస్టాండులోనే వెతుకుతున్నారట. ఇదిగో వస్తున్నామన్నాడు.

రబ్బానీ పరదా పక్కకు తీశాడు. "భయపడొద్దు పాపా. మీ నాయన వస్తాండాడు."

పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. దిగబోయింది. రబ్బానీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆమెను రానీ అన్నా," అంది గొణుగుతున్నట్టు. "ఒక్క నిమిషమన్నా. ఆమెను రానీ."

ఎంతగా నమ్మించింది దొంగముండ!  సాజియా కూడా ఎవరినో ఇట్లాగే నమ్మి ఉంటుంది. రబ్బానీ చెయ్యి తియ్యలేదు.

జీపు రానే వచ్చింది. వీరభద్రతో ఇంకో ఇద్దరు దిగారు, మేనమామలట. పిల్ల ఆటో కడ్డీ పట్టుకుంది. మేనమామల్లో ఒకడు వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. రెండోవాడు అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు. పిల్ల అరవలేదు, ఏడవలేదు.

వీరభద్ర రబ్బానీ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "నా బిడ్డను నాకు ఇప్పిస్తివి. నీ మేలు సచ్చినా మర్చిపోనప్పా."

పోలీసులకు చెబుదామన్నాడు రబ్బానీ. ముందు పిల్లను ఇల్లు చేర్చి వస్తామని చెప్పి వాళ్లు జీపెక్కేశారు. జీపు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. నాలుగేళ్లుగా గుండెల మీద ఉన్న బరువు కొంచెం దిగినట్టయింది. కళ్లు తుడుచుకున్నాడు.

ఇక ఆ ఆడమనిషిని వదలకూడదు. గేటు దాకా పోయి చూసి వచ్చాడు. ఇంకా లైనులోనే ఉంది, ముందు ఇద్దరే ఉన్నారు. అనుమానం వస్తే ముందు తమకు చెప్పమన్నాడు కదా లేవి సారు, ఆ తొందరలో మర్చేపోయాడు. 'సంఘం ఫోను' అని దాచుకున్న నంబరు వెతికి నొక్కాడు.

అతని చెవిలో రింగు వినపడుతుండగానే, వెనక సీట్లో ఆమె వదిలి వెళ్లిన సంచిలో ఫోను మోగింది.