గోడకి చెప్పిన జవాబు

"ఆ పాలు తాగకపోతే చంపేస్తా," అంది వకుళ, కూతురి జడ అల్లుతూ.

వంటింటి గోడ వెంటనే అడిగింది. "బెదిరింపు వినిపించింది. నిజంగానా, మాట వరసకా?"

"మాట వరసకే," అంది వకుళ. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ రోజుకి నాలుగుసార్లు గోడకి చెప్పుకునే జవాబే అది.

అప్పీళ్లు విచారించే యంత్రానికి తెలుగు మాటల అర్థం తేల్చి చెప్పడం కోర్టులో వకుళ ఉద్యోగం. ఆ రోజు సుదర్శన్ అప్పీలు వచ్చింది. ఇనప రాడ్డుతో భార్య కాంచన తల పగలగొట్టాడు. ఆవిడకి ఒక కన్ను పోయింది. కింది కోర్టు పద్నాలుగేళ్లు వేసింది. అందులో ఏడేళ్లు, కొడుతూ "చంపేస్తా" అన్నందుకు.

"మా క్లయింటు మాట వరసకి అన్నాడు మేడమ్," అన్నాడు లాయరు. "వాళ్లింటి గోడ రికార్డు వినండి. కాంచనగారే ఆ సంగతి చెప్పారు."

వకుళ వింది. సుదర్శన్ అన్న "చంపేస్తా"లకి ఏడాదిలో ముప్ఫై రెండుసార్లు గోడ అడిగింది. ముప్ఫై రెండుసార్లూ మొగుడి తరఫున కాంచనే "మాట వరసకే" అంది, ఒక్కోసారికి ఇంకాస్త తొందరగా. ముప్ఫై మూడోసారి, రాడ్డు దెబ్బ పడ్డ రోజున, గోడ అడిగితే ఎవరూ పలకలేదు.

"నిజంగానే," అని రాసి సంతకం పెట్టింది వకుళ. శిక్ష తగ్గలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురి పుస్తకాలన్నీ నేలమీదే ఉన్నాయి. "ఇవి తియ్యకపోతే చంపేస్తా," అనేసింది అలవాటుగా.

గోడ అడిగింది. వకుళ నోరు విప్పేలోపే, బొమ్మలకి రంగులేస్తున్న కూతురు తలెత్తకుండా జవాబు చెప్పేసింది.

"మాట వరసకే."