దాటే చెయ్యి

"వేళ్ళు కదులుతున్నాయా?" అంది ఒదార్కా.

"కదులుతున్నాయి. నేను చెప్పిన వైపు కాదు, అంతే," అన్నాడు యుఖీమ్.

నిన్న ఉదయం క్యాబేజీ పీపాను నేలమాళిగలోకి దింపుతూ, మంచు పట్టిన మెట్టు మీద జారాడు. పీపాకు ఏమీ కాలేదు. అతని కుడి మణికట్టు మాత్రం పొంగిన పిండిముద్దలా అయింది. నెల రోజులు ఆ చేతికి పని చెప్పొద్దన్నాడు వైద్యుడు.

వెర్బివ్కా సంగీత పాఠశాలలో బందూర మాష్టారి ఉద్యోగానికి పోటీ ఇవాళే. ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని యుఖీమ్ ఏళ్ళ తరబడి చూస్తున్నాడు. ఇవాళ తప్పిపోతే చక్కెర మిల్లులో బస్తాలు మోస్తూ ముసలివాడు కావలసిందే.

బందూర ఒంటి చేతికి లొంగే వాద్యం కాదు. ఒళ్ళో నిలబెట్టి, ఇటు చివర మంద్ర తీగల నుంచి అటు చివర సన్న తీగల దాకా రెండు చేతులూ పరుగులు పెట్టించాలి.

"నా కుడి చెయ్యి తీసుకెళ్ళు," అంది ఒదార్కా.

"వేళాకోళాలకిదా సమయం?"

"వేళాకోళం కాదయ్యా మగడా. వాయించేది తెర వెనకే కదా! నీతో పాటు నేనూ నేర్చుకున్నదేగా. పెళ్ళయ్యాక బేకరీలో పిండి పిసుకుతున్నానని వేళ్ళు అంతా మర్చిపోతాయా?"

తెర మాట నిజమే. ఎవరి మనిషిని వాళ్ళు నెగ్గించుకోకుండా ఈసారి తెర కట్టించారు. కట్టించింది పెద్ద న్యాయనిర్ణేత తెరెంతీ గారు.

ఆ పేరంటేనే యుఖీమ్‌కు హడల్. రేడియోలో తెరెంతీ గారి బందూర వినకుండా ఆ జిల్లాలో ఎవరూ పెరగలేదు. అందులోనూ ఆ ఎడమ చెయ్యి! మంద్ర తీగల మీద నింపాదిగా నడుస్తూ నడుస్తూ, ఉన్నట్టుండి కుడి చేతిని దాటుకుని సన్న తీగల మీదకు దూకేది. మనిషి మాత్రం మహా సిగ్గరి. ఒక్కనాడూ జనం ముందు వాయించలేదు. రికార్డింగు కూడా ఇంట్లోనే, తలుపులు వేసుకుని. టేపు యంత్రం సంగతి భార్య మోత్ర్య చూసుకునేదట. ఆమె పోయాక ఆయన మళ్ళీ బందూర ముట్టలేదు. దిగులు, అన్నారు జనం. ఆ ఎడమ చెయ్యి ఎండాకాలంలో కూడా కోటు జేబులోంచి బయటికి రాదు. బంగారంలాంటి చెయ్యి, గాలి సోకకుండా దాచుకుంటున్నాడు, అని కూడా అన్నారు.

పాఠశాల గుమ్మం దగ్గర ప్రీస్కా పిన్ని ఊలు అల్లుతూ కాపలా కూర్చుంది.

"లోపలికి ఒక్కరే," అంది తలెత్తకుండా.

"ఆయనకి నడుం పట్టేసింది పిన్నీ. బందూర మోసుకెళ్ళి అక్కడ పెట్టొస్తా." ఒదార్కా వేడి వేడి గసగసాల బన్ను ఆమె ఒళ్ళో పెట్టింది.

పిన్ని బన్ను వైపు చూసింది. ఒదార్కా వైపు చూడలేదు.

"ఎవరైనా వెళ్ళారా అనడిగితే నాకేం తెలుసమ్మా, నేను అల్లిక లెక్కపెట్టుకుంటున్నాను," అంది.

తెర వెనుక ఒకే బల్ల మీద చెరో సగం కూర్చున్నారు. అతని ఎడమ చెయ్యి, ఆమె కుడి చెయ్యి. అతను ఊపిరి పీలిస్తే ఆమె గోరు మీటింది. మోగిన తీగ అక్కర్లేకుండా గుంయిమంటూ ఉంటే ఆమే అరచెయ్యి ఆనించి నోరు మూయించింది. సగం పాట గడిచేసరికి ఒదార్కాకు నవ్వు రాబోయింది. ఇంట్లో ఒక్క పనీ ఇంత ఒద్దికగా చేసుకోలేదు ఇద్దరూ.

అప్పుడొచ్చింది దాటే ఘట్టం. యుఖీమ్ ఎడమ చెయ్యి పైనుంచి దూకింది. దిగాల్సిన చోట ఒదార్కా వేళ్ళున్నాయి. గోరు కసుక్కున దిగింది.

"అబ్బా!"

తెర అవతల ఎవరో గట్టిగా దగ్గారు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

"నా దగ్గు పాడుగాను, ఏమీ వినపడలేదు," అంది తెరెంతీ గారి గొంతు. "బాబూ, ఆ దాటే ముక్క మళ్ళీ వాయించు."

మళ్ళీ వాయించారు. ఈసారి ఒదార్కా వేళ్ళు ముందే పక్కకు తప్పుకున్నాయి.

కాసేపు అవతల గుసగుసలు. తర్వాత అడుగుల చప్పుడు. తెర పక్కకు తొలగించుకుని తెరెంతీ గారు ఒక్కరే లోపలికొచ్చారు. ఒదార్కా కుడి చెయ్యి గభాల్న శాలువా కింద దాక్కుంది.

ఆయన ఆమెను పలకరించలేదు. బందూర మీదకు వంగి వాసన చూశారు.

"సన్న తీగలు గసగసాల వాసన కొడుతున్నాయేం?"

"బన్ను తిన్నాడండీ! చెయ్యి కడుక్కోమంటే వినడు," అంది ఒదార్కా.

"ఓహో. ఏదీ, ఆ బన్ను తిన్న చెయ్యి ఇలా ఇవ్వు నాయనా."

యుఖీమ్ ఎడమ చెయ్యి చాపాడు. ఆయన కదల్లేదు. ఇక చేసేది లేక యుఖీమ్ తల దించుకుని కోటు కుడి చేతిని పైకి లాగాడు. వాచిన మణికట్టు బయటపడింది.

"ఎన్నాళ్ళకి మానుతుందన్నారు?"

"నెల పడుతుందన్నారండీ. తప్పయిపోయింది. మేం వెళ్ళిపోతాం."

"అయితే నెల తర్వాతే వచ్చి చేరు. నువ్వేనని అవతల వాళ్ళతో చెప్పేశాను."

ముసలాయన తెర దాకా వెళ్ళి ఆగారు. అవతల ఎవరూ వినడం లేదు కదా అని చూసుకుని, గొంతు తగ్గించారు.

"దాటే చెయ్యి పైనుంచి దూకకూడదు నాయనా, పక్కవాళ్ళ మోచేతి కిందనుంచి రావాలి, రేడియోలో వాయించినన్నాళ్ళూ మా మోత్ర్య ఎడమ చెయ్యి నా మోచేతి కిందనుంచే వచ్చింది, ఒక్క 'అబ్బా' కూడా టేపులో పడలేదు."