కార్టూన్లు లేని పూట

మాబున్నీసా టీవీకి అడ్డంగా నిలబడింది. సోఫాలోని మేడం పిల్లలు ముగ్గురూ ఒక్కసారే మూలిగారు.

"ఈ పొద్దు కార్టూన్లు మాఫీ. యల్లా, పదండి బయటికి."

గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చిన డ్రైవర్ రామాంజులు కారవాన్ గుమ్మంలోనే ఆగాడు. "ఏమక్కా, పొద్దున్నే పిల్లోల్లతో యుద్ధం పెట్టుకున్న్యావు?"

"నెట్టు మిగలాల రామాంజులూ. దినానికింత అని కొలిచి ఇస్తాడు కంపెనీవాడు. వీళ్ళు బొమ్మలు పెట్టుకుంటే మధ్యాన్నానికే అయిపోతాది. ఆనక ఫోన్లో చక్రం తిరగడమే."

ఖతార్‌లో మదీనత్ అల్ షమాల్ ఊరు దాటాక సముద్రం ఒడ్డున, ఇసుకలో మాబున్నీసా పనిచేసే ఇంటి మేడం వాళ్ళ చలికాలపు క్యాంపు అది. ఫోన్లకు సిగ్నల్ అందదు. పెద్ద గుడారంలోని రౌటర్ ఒక్కటే దిక్కు. ఈ మధ్యాహ్నమే కడపలో కూతురు రమీజా నర్సుగా ప్రమాణం చేస్తుంది. ఆడపిల్లలు దీపాలు పట్టుకుని తల్లుల వరుస ముందు నుంచి నడుస్తారట. ఆ వరుసలో మాబున్నీసా కుర్చీలో ఆమె తమ్ముడు షఫీ వీడియో కాల్ పెట్టి ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు.

"మేడాన్నే అడగరాదా?"

"అడిగితే సరే అంటాది. పిల్లోల్లు ఏడిస్తే మల్లా టీవీ పెట్టేస్తాది. అడగను. నువ్వు గూడా ఆ రీళ్ళు ఆపు."

"నా రీళ్ళేం జేసినాయక్కా నిన్ను" అంటూనే రామాంజులు ఫోన్ జేబులో వేసుకున్నాడు.

మాబున్నీసా పొయ్యి కట్టెల్లోంచి రెండు ఏరింది. కత్తితో చెక్కి బిళ్ళంగోడు చేసింది. ఓణీ నడుముకు బిగించి తనే మొదటి దెబ్బ కొట్టింది. బిళ్ళ గుడారం మీదుగా ఎగిరిపోయింది. పిల్లలు నోళ్ళు తెరిచారు. ఆ తర్వాత వాళ్ళను ఆపడం ఎవరి తరం కాలేదు. చిన్నవాడు ఒక్కసారి కారవాన్ వైపు నడిస్తే, వాణ్ణి భుజానికెత్తుకుని పీతలు పట్టడానికి తీసుకుపోయింది. మోకాళ్ళు పీకుతున్నా కూర్చోలేదు.

గుడారం ముందు కాఫీ తాగుతున్న మేడం వింతగా చూసింది. "టీవీ కావాలని ఏడవలేదా?"

"లేదు మేడం." మాబున్నీసాకు గర్వంగానే అనిపించింది.

పిల్లలు అన్నాలు తిని మళ్ళీ ఆటకు పరుగెత్తాక, ముఖం కడుక్కుని కారవాన్‌లో కూర్చుంది. ఫోన్ కలిసింది. బొమ్మ ఎక్కడా ఆగడం లేదు.

"అక్కా, వస్తాండారు చూడు" అన్నాడు షఫీ.

తెల్లబట్టల్లో ఆడపిల్లలు. చేతుల్లో దీపాలు. అదిగో రమీజా. దగ్గరికొస్తోంది. ఇంకో పిల్ల దాటితే తనే.

బొమ్మ ఆగిపోయింది. చక్రం తిరిగింది. అదీ పోయింది.

మాబున్నీసా చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది. దోహా వైపు ఒక కారు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోతోంది. మేడం ఎదురొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"నా పిల్లలు ఇలా ఆడగా నేనెప్పుడూ చూడలేదు మాబున్నీసా. ఆ రౌటర్ పీకి మా తమ్ముడికిచ్చి ఇంటికి పంపేశాను. నువ్వుండగా ఇక్కడ అదెవరికి కావాలి?"