రెండు క్లిక్కుల గీత

"ఈ గీత చెరిపెయ్యండి," అన్నాడు కళ్లజోళ్ల షాపాయన, కంప్యూటరు తెర మీద వేలితో పొడుస్తూ. "ఇప్పుడే. నా కళ్లముందే."

"వేలితో పొడిస్తే చెరిగేదైతే పొద్దున్నించి ఈపాటికి మ్యాపంతా చెరిగిపోయేదండీ," అన్నాడు మ్యాపు ఆపరేటరు.

నీటి సరఫరా ఆఫీసులో ఆ రోజుకి అది పదకొండో గొడవ. ఆపరేటరుకి నడుం లాగేస్తోంది. మెడ పట్టేసింది. ఎప్పుడో తెచ్చిపెట్టిన టీ చల్లారి మీగడ కట్టింది. ఈ నెలలోనే పైనుంచి హుకుం వచ్చి, పైపుల మ్యాపు మీద ఇళ్ల మ్యాపు పరిచారు. ఏ ఇంటి కింద మెయిన్ పైపు పోతోందో ఆ ఇల్లు తెర మీద ఎర్రబడింది. ఎర్రబడ్డ ఇంటికల్లా నోటీసు వెళ్లింది. నోటీసు పంపిన పెద్దలు ఎవరికీ దొరకరు కాబట్టి, అందుకున్నవాళ్లంతా సరాసరి ఈ కుర్చీ దగ్గరికే వచ్చి పడుతున్నారు.

"రేపు పదింటికి నా వెనకగది కొట్టేస్తారట. మోకాళ్లు అరిగిపోయి మా ఆవిడ మెట్లెక్కలేకపోతోందని కింద వేయించుకున్న గదండీ అది. కొట్టేస్తే ఆవిణ్ణి ఎక్కడ పడుకోబెట్టను? మీ మ్యాపులోనా?"

"కింద పైపు పగిలితే ఇల్లే కుంగుతుంది. మీ మంచికేనండీ..."

"పైపంటూ ఉంటే కదా పగలడానికి! పద్దెనిమిదేళ్ల కిందట పునాదులు దగ్గరుండి తవ్వించాను. పైపు మాట దేవుడెరుగు, పెంకుముక్క కూడా తగల్లేదు. ఊరందరికీ చూపు సరిచేసేవాణ్ణి. నాకు కనపడని పైపు మీకెక్కడ కనపడిందయ్యా?"

వాదించే ఓపిక లేక ఆపరేటరు ఆ వీధిని తెర మీద పెద్దది చేశాడు. రెండు వాల్వు గుంతలు, ఈ చివరొకటి, ఆ చివరొకటి. మధ్యలో సందు మోచెయ్యిలా వంపు తిరిగింది. పైపు గీత మాత్రం ఏ వంపూ తిరక్కుండా, స్కేలు పెట్టి లాగినట్టు, ఈ పెద్దమనిషి వెనకగది మీదుగా దూసుకుపోయింది.

ఆపరేటరు చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. అది తన గీతే.

"ఏంటలా అయిపోయారు?"

"ఏం లేదు. మీరు... అర్జీ రాసిచ్చి వెళ్లండి. చూస్తాం."

"మీరు చూసేలోపు గోడ ఉండదు." షాపాయన ఎదుటి కుర్చీలో కూలబడ్డాడు. ఇందాకటి గొంతు కాదు ఇప్పుడు. "మా ఆవిడకింకా చెప్పలేదు మాస్టారూ. ఏం కాగితమని అడిగితే ఓటర్ల లిస్టని చెప్పాను. నన్ను చూస్తే అబద్ధాలాడేవాడిలా ఉన్నానా?"

ఆపరేటరు తల దించుకున్నాడు. రిటైర్మెంటుకి ఇంకా ఏడు నెలలే. ఏ గీత ఎవరు గీశారో అడిగేవాడు లేడు, రాసిన పుస్తకమూ లేదు. నోరు మూసుకుంటే సరిపోతుంది. కానీ ఈ మనిషి లేవడే! ఎదురుగా కూర్చుని తననే నమ్మకంగా చూస్తున్నాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది ఆపరేటరుకి.

"పదండి," అంటూ లేచాడు. నడుం కలుక్కుమంది.

ఇంజినీరు మేడమ్ సాయంత్రం నాలుగింటికి మధ్యాహ్నం భోజనం చేస్తోంది. ఫైళ్ల మధ్య క్యారేజీ గిన్నె. వీళ్లని చూసి చెంచా కింద పెట్టింది.

"మేడమ్, ఈయన ఇంటి మీది గీత తప్పు. గీసింది నేనే," అన్నాడు ఆపరేటరు. ఒక్క గుక్కలో చెప్పకపోతే ఇక చెప్పలేననిపించింది. "పన్నెండేళ్ల కిందట పాత నక్షల్ని కంప్యూటర్లోకి ఎక్కించాం కదా. నక్షలో ఆ పైపు సందు వెంబడే వంపు తిరిగి పోయింది. రోజుకి వంద పైపులెక్కించాలన్నారు. వంపు వంపుకీ క్లిక్కు కొట్టే ఓపికెక్కడిది? ఈ గుంత మీదొక క్లిక్కు, ఆ గుంత మీదొక క్లిక్కు కొట్టి గీత లాగేశాను. ఆయన ఇంటి కింద పైపూ లేదు, పాడూ లేదు."

మేడమ్ షాపాయన చేతిలోని నోటీసు తీసుకుని చూసి, తన కంప్యూటర్లో ఆ వీధి తెరిచింది.

"మెమో ఇస్తారో, సస్పెండే చేస్తారో మీ ఇష్టం. ఆ గది జోలికి మాత్రం పోనివ్వకండి."

"మీ నోట్లో పంచదార పొయ్య!" షాపాయన అతని రెండు చేతులూ పట్టేసుకున్నాడు. కళ్లజోడు మసకబారింది. "ఇందాక నోటికొచ్చినట్టు మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి మాస్టారూ. మా ఇంటికి రండి, ఆ గదిలోనే కూర్చోబెట్టి భోజనం పెడతాను."

ఆపరేటరుకి నెత్తి మీది బరువు దిగినట్టయింది. ఎన్నాళ్ల తర్వాతో నవ్వొచ్చింది.

మేడమ్ తెర వైపు తిరిగి ఆ గీతని చాలాసేపు చూసింది. తర్వాత గిన్నెకి మూత పెట్టేసింది.

"కూర్చోండి, ఇద్దరూ."

"నిజమే చెబుతున్నాను మేడమ్. ఆ గీత తప్పు."

"తప్పే. నేను కాదనడంలేదు. మీరు గీసిన రోజుకి తప్పే."

"గీసిన రోజుకి ఏంటి మేడమ్?"

"రెండేళ్ల కిందట ఆ పాత పైపు తుప్పు పట్టిపోతే, దాన్ని భూమిలోనే వదిలేసి కొత్తది వేశాం. రోడ్డు తవ్వడానికి వీల్లేదన్నారు. అందుకని కొత్త పైపుని ఈ గుంతలోంచి ఆ గుంతలోకి నేల లోపల్లోపలే మిషను పెట్టి దూర్చాం," అంది మేడమ్, ఇద్దరిలో ఎవరి మొహమూ చూడకుండా. "మీ గీత పట్టుకునే."